మంచి యధికారి యుండగా సభ యేల?

పురపాలక సభ్యుల యెన్నికలు సమీపించినప్పుడెల్ల మన విద్యావంతుల యిండ్లలో ఒక ప్రశ్న వినవచ్చుచుండును. మొన్న మా యింటికి వచ్చిన మిత్రుడొకరు కాఫీ త్రాగుచు దానినే నన్నడిగిరి. ఆయన ముప్పదియేండ్లు కళాశాలలో చరిత్ర బోధించి విశ్రాంతి గైకొన్నవారు. మాట తూచి యాడువారు. “ఏమండీ, నీతిపరుడును పనిమంతుడునైన కమీషనరు నొక్కని ఊరికి వేసిన చాలదా? వీధికొక సభ్యుడు, సభ్యునికొక ముఠా, ముఠాకొక తగవు. ఈ తిరునాళ్ళంతయు మనకెందుకు?” అనిరి. నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. ఆ యభిప్రాయము చాలకాలము నాదియు నైయుండుటయే అందులకు కారణము.

హైదరాబాదు మహానగర సభకు 2021 ఫిబ్రవరిలోను, విశాఖపట్టణ సభకు 2021 మార్చిలోను మొదలైన ఐదేండ్ల గడువు నిండు సంవత్సరము 2026. పాతసభ గడువు తీరిన దినముననే క్రొత్తసభ కూర్చుండుట మన దేశమున ఆచారముగా లేదు. కావున నడుమ నెవరు పాలింపవలెను, ఎంతకాలము పాలింపవలెను అను ప్రశ్న ఎన్నికల సంవత్సరమున తప్పక పుట్టును. దాని వెనుకనే “అసలు సభ లేకున్న నష్టమేమి?” యను ప్రశ్నయు వచ్చును. ఈ రెండవ ప్రశ్న వట్టి రాజకీయము కాదు. అది ధర్మమునకు సంబంధించినది.

ముందుగా మిత్రుని పక్షమున చెప్పదగిన దంతయు చెప్పెదను. ఎదిరిపక్షమును బలహీనముగా చూపి గెలుచుట వాదము కాదు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచెను. వేలకొలది జనులు మరణించిరి. పిదప మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వచ్చి, నది నడకను పరీక్షించి, ఎగువను జలాశయములు కట్టవలెననియు, నగరమునకు మురుగుకాలువల యేర్పాటు చేయవలెననియు సూచించిరి. 1912లో నగరాభివృద్ధికై ఒక మండలి యేర్పడెను. 1920లో ఉస్మాన్‌సాగరమును, 1927లో హిమాయత్‌సాగరమును పూర్తియయ్యెను. ఇందులో దేనికిని ఓటుపెట్టె అవసరము కాలేదు. ఒక ప్రభువు, ఒక యింజనీరు, కొందరు అధికారులు కలిసి, ఒక నగరమునకు ప్రాణరక్షణ కల్పించిరి.

ఇక ఎన్నుకొనబడిన సభల మాట యేమి? మేయరు నెన్నుకొను దినము దగ్గరపడగా సభ్యులను దూరపు హోటళ్ళలో దాచియుంచుట మనమెరుగనిది కాదు. స్త్రీలకు ప్రత్యేకించిన స్థానమున భార్య గెలువగా భర్త పెత్తనము చేయుట మనమెరుగనిది కాదు. కాలువల గుత్తలలోను, క్రొత్తయిండ్ల యనుమతులలోను సభ్యునికి వాటా ముట్టవలెనను అపవాదు లేని యూరు అరుదు. ఇవన్నియు చూచిన గృహస్థు, “ఈ రొచ్చు మాకు వద్దు, మంచి యధికారి చాలును” అనుటలో వింత యేమున్నది?

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. మన తీరమున భీమునిపట్టణమునకు 1861లోనే పురపాలక సంఘము వచ్చెను. 1882 మే నెలలో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనమును గూర్చి తన తీర్మానమును ప్రకటించినప్పుడు, జిల్లాలనేలు దొరలు చాలమంది పెదవి విరిచిరి. కలెక్టరుకంటె ఈ వకీళ్ళును వర్తకులును ఊరిని చక్కగా నడుపగలరా యనుట వారి సందేహము. ఆ తీర్మానము దానికిచ్చిన ఉత్తరము గమనింపదగినది. ఈ మార్పు ప్రధానముగా పాలన మెరుగుపడుటకై కాదనియు, ప్రజలకు రాజకీయ శిక్షణ కలుగుటకనియు అది స్పష్టముగా చెప్పెను. తొలినాళ్ళలో పొరపాట్లు తప్పవనియు ఒప్పుకొనెను. నీటిలో దిగక ఈత రాదను మన పెద్దల మాటయే అది.

ఆ శిక్షణ వ్యర్థము కాలేదు. టంగుటూరి ప్రకాశం పంతులుగారు రాజమహేంద్రవరమున పురపాలక సంఘాధ్యక్షులుగా ప్రజాసేవ నారంభించిరి. రాజగోపాలాచారిగారు 1917లో సేలము పురపాలక సంఘమునకు అధ్యక్షులైరి. వల్లభభాయి పటేలుగారు అదే సంవత్సరమున అహమదాబాదు సంఘమున ప్రవేశించి, 1924 నుండి 1928 వరకు దాని కధ్యక్షత వహించిరి. దేశమునేలిన చేతులు తొలుత ఊరి కాలువలను, కుళాయిలను, పన్నులను ముట్టి నేర్చినవి.

అయినను రిప్పన్ ప్రభువు చెప్పిన హేతువు నాకు నిండుగా తృప్తి నొసగలేదు. నా మిత్రుడు దానికి సులభముగా బదులు చెప్పగలరు: “నూటనలువదియేండ్లు దాటిన పిదపను ఇంకను ఎంతకాలమండీ ఈ బడి? వైద్యవిద్యార్థి నేర్చుకొనుచుండగా రోగి చావవలెనా?” ఇది తేలికగా త్రోసివేయదగిన మాట కాదు. సభలు మనకు పాఠశాలలనుట నిజమే కాని, వాననీరు చొచ్చిన గుడిసెలోనివానికి మన పాఠములతో పనియేమి? అంతకంటె బలమైన కారణము కావలెను. ఆ కారణమును నేను గ్రంథములలో కనుగొనలేదు. మా యింట అంట్లుతోము ముసలమ్మ నోట వింటిని.

నేను నివసించు పట్టణమున సభ గడువు తీరి, ఎన్నికలు జరుగక, ప్రత్యేకాధికారి పాలన నడచుచుండిన సంవత్సరములవి. ఒక వర్షకాలమున మా వీధి కాలువ పూడిపోయి, మురుగునీరు మా గుమ్మములయెదుట నిలిచెను. నేను పురపాలక కార్యాలయమున పరిచయమున్న యొకరికి టెలిఫోను చేసితిని. అధికారి నిజముగా మంచివాడు. మరునాడు ఎనిమిది గంటలకు పనివారు వచ్చిరి. మధ్యాహ్నమునకు నీరు పోయెను. ఆ సాయంకాలము నేను మా వీధివారితో, “సభ లేకున్న పనులెంత చక్కగా జరుగుచున్నవో చూచితిరా!” యంటిని. అందరును తలలూపిరి.

ముసలమ్మ మూడు దినములు పనికి రాలేదు. నాలుగవనాడు వచ్చి, అలవాటు చొప్పున గడపయవతల నిలిచి, “మీ కాలవ తీసేశారు గదా బాబూ, ఆ నీళ్ళన్నీ మా పల్లపు వీధిలోకొచ్చి పడ్డాయి. మూడు రోజులు గిన్నెలతో తోడుకున్నాం” అనెను. మా వీధి చివరివరకు పూడిక తీసిన పనివారు అచ్చటనే నిలిచిపోయిరి. అటు పల్లపు వీధినుండి పిలిచినవారెవరును లేరు. “ఆఫీసుకు పోయి చెప్పుకోలేకపోయారా?” యని నేనడిగితిని. “పోయాం బాబూ. అయ్యగారు మీటింగులో ఉన్నారన్నాడు బంట్రోతు. రెండోనాడూ అదే మాట” అనెను. కొంచెమాగి మరల ఇట్లనెను: “ఆ పాత కౌన్సిలరు దొంగవాడే బాబూ, కాదనను. కానీ ఆయన ఇల్లు మాకు తెలుసు. తెల్లారకముందే పోయి అరుగుమీద కూచుంటే, మా ఓటు కోసమైనా బయటికొచ్చి మాట్లాడేవాడు. ఇప్పుడు ఎవరి అరుగుమీద కూచోమంటారు?”

ఆ ప్రశ్నకు నాకు బదులు దొరకలేదు. ఆ దినమునుండి ఈ విషయమున నా యభిప్రాయము మారినది.

చదువరులారా! సభ యక్కరలేదను మాట మనకెందుకు సులభముగా వచ్చుచున్నది? మనకు వేరు ద్వారములున్నవి గనుక. మనలో ఒకనికి కార్యాలయమున పూర్వశిష్యుడుండును. మరియొకనికి పత్రికలో బంధువుండును. వేరొకనికి ఆంగ్లమున అర్జీ వ్రాయు నేర్పుండును. ఈ ద్వారములు చాలవరకు సన్మార్గమునకు చెందినవే. లంచము లేదు, బెదిరింపు లేదు. కాని ఈ ద్వారములు లేనివారికి ఊరిలో ఉన్నది ఒక్కటే: ఓటు కోరి తమ గుమ్మమునకు రావలసిన మనుష్యుడు. సభను తీసివేసిన దినమున మన ద్వారములు తెరచియే యుండును. వారి ద్వారమొక్కటియే మూసికొనును. కావున “మంచి యధికారి చాలును” అను మాటలో మనకు తెలియకయే ఒక స్వార్థము దాగియున్నది. అది దుర్మార్గుని స్వార్థము కాదు. సుఖముగా నున్నవాని మరపు.

అధికారి మంచితనమును నేను తక్కువ చేయుట లేదు. కాని ఆయన మంచితనము నాకు అందినది దయగా, హక్కుగా కాదు. ఆయనను నియమించినవారు పైనున్నారు. బదిలీ చేయువారును పైనున్నారు. కావున ఆయన చూపు సహజముగా పైకే యుండును. సభ్యుడెంత యల్పుడైనను, అతనిని నియమించినవారును తొలగించువారును క్రిందనున్నారు. ఐదేండ్లకొక్కసారియైనను అతడు పల్లపు వీధిలో చేతులు జోడించి నడువక తప్పదు. ఇది గుణములలోని భేదము కాదు. వారిరువురును నిలిచిన చోటులోని భేదము. వ్యక్తులు మారుదురు, చోటు మారదు. ధర్మము వ్యక్తుల మంచితనముపై కాక ఇట్టి చోటులపై ఆనుకొనవలెను.

ఇంకొక సంగతియు కలదు. పూర్వకాలపు పురపాలక సంఘములలో ఓటు పన్ను కట్టువారికే పరిమితమై యుండెను. ఆనాటి విద్యావంతులు ఆ సభలలో స్థానమునకై ఆరాటపడిరి. వానిని స్వరాజ్యమునకు తొలిమెట్టుగా తలచిరి. ఓటు పల్లపు వీధివరకు వచ్చిన పిదప, సభలు రొచ్చని మనకు తోచుట మొదలైనది. సభలే చెడినవో, సభలలో మన బలము తగ్గినదో, ఒక్కసారి మనలను మనమే ప్రశ్నించుకొనవలసియున్నది.

సభలేని పాలన యెట్లుండునో మనము ఊహింపనక్కరలేదు; పరీక్షించియే చూచితిమి. హైదరాబాదునకు 1991 నుండి 2002 వరకు ఎన్నుకొన్న నగరసభ లేదు. విశాఖపట్టణమునకు 2012 నుండి 2021 మార్చి వరకు లేదు. మన పొరుగున చెన్నపట్టణమునకు 2016 నుండి 2022 వరకు లేదు. 1993 జూన్ 1 నుండి అమలులోనికి వచ్చిన రాజ్యాంగపు డెబ్బదినాలుగవ సవరణము, పురపాలక సభకు ఐదేండ్లకు మించిన కాలపరిమితి లేదనియు, గడువు తీరకమునుపే క్రొత్త యెన్నిక ముగియవలెననియు స్పష్టముగా శాసించుచున్నది. అయినను ఒకప్పుడు వార్డుల హద్దులు తేలలేదందురు. ఒకప్పుడు ప్రత్యేక స్థానముల లెక్క తేలలేదందురు. ఒకప్పుడు వ్యాజ్యము నడచుచున్నదందురు. ఆ కారణములు కొన్ని నిజములే కావచ్చును. కాని శాసనసభకు గడువు తీరిన పిదప తొమ్మిదేండ్లు ఎన్నిక జరుపకున్న మనము ఊరకుందుమా? రైలు గంట యాలస్యమైన పత్రికకు ఉత్తరము వ్రాయు మనము, ఊరిసభ తొమ్మిదేండ్లు ఆలస్యమైన వ్రాయలేదు. మన కాలువలు పారుచున్నవి గనుక మనకు తెలియలేదు.

ఇచ్చట మిత్రుడు మరల అడ్డుపడిరి. “సభ యున్నప్పుడు మాత్రము ఏమి యొరిగినది? హైదరాబాదును చూడరాదా?” అనిరి. చూతము. 2020 అక్టోబరు నడుమ కురిసిన మహావర్షమునకు ఆ నగరమున చెరువుల క్రిందనున్న కాలనీలు మునిగిపోయెను. పిదప రెండు నెలలు నిండకయే, డిసెంబరు 1వ తేదీన నూటయేబది స్థానములకు ఎన్నిక జరిగెను. ఇండ్లలో బురద ఆరకయే వచ్చిన యెన్నిక యది. ఓటర్లలో నూటికి ఇంచుమించు నలువదియారుగురు మాత్రమే ఓటు వేసిరి. సగమునకు మించినవారు ఆ దినమును సెలవుదినముగా గడపిరి. తమ సభను తామే నిలబెట్టుకొనని నగరమున, సభ తమను నిలబెట్టలేదని నిందించుట తగునా?

అంతియే కాదు. ఆ సభ్యుని చేతికి మనమేమి యిచ్చితిమి? హైదరాబాదున త్రాగునీరును ప్రధానమైన మురుగు వ్యవస్థయు 1989లో ఏర్పడిన వేరొక మండలి చేతిలో నున్నవి. నగర విస్తరణపు ప్రణాళికలు 2008లో ఏర్పడిన మరియొక సంస్థ చేతిలో నున్నవి. నగరసభకు మేయరు అధ్యక్షుడే కాని, కార్యనిర్వహణాధికారము రాష్ట్రప్రభుత్వము నియమించు కమీషనరుది. రాజ్యాంగపు పండ్రెండవ షెడ్యూలు పట్టణ సభలకు అప్పగింపదగిన విషయములు పదునెనిమిదింటిని పేర్కొన్నది. అప్పగించుట మాత్రము రాష్ట్రముల యిష్టమునకు వదలినది. కాళ్ళుచేతులు కట్టి చెరువులో దింపి, ఈదుట రాదని పరిహసించినట్లున్నది మన వ్యవహారము. అధికారము లేనిచోట బాధ్యత మొలవదు. చేయుటకు పనిలేని సభ్యుడు గుత్తల చుట్టును, ముఠాల చుట్టును తిరుగుటలో వింతలేదు.

విశ్వేశ్వరయ్యగారి జలాశయముల మాటకును ఇక్కడనే ఉత్తరమున్నది. అవి గొప్ప పనులు, నేటికిని నిలిచియున్నవి. కాని నగరములోపలి చెరువులును నాలాలును తరువాతి కాలమున ఎట్లు కుంచించుకొనిపోయెనో 2020 వర్షము చూపినది. కట్టుటకు ఇంజనీరు చాలును. కాపాడుటకు పొరుగువారు కావలెను. చెరువుశిఖములో మొదటి గోడ లేచిన దినముననే చూచువాడు ఆ వీధివాడు. అతనికి అడుగు హక్కును, అడిగినప్పుడు బదులు చెప్పవలసిన మనుష్యుడును లేకున్న, ఎంతటి ఇంజనీరు చేసిన మేలైనను రెండుమూడు తరములలో కరగిపోవును.

కావున సంస్కారము రెండువైపుల జరుగవలెను. ప్రభుత్వమువైపున కావలసినవి మూడు. గడువు తీరకమునుపే ఎన్నిక జరుగవలెను. వార్డుల లెక్కలేవో ముందటి యేటనే తేల్చుకొనవచ్చును. నీరు, మురుగు, చెరువు, వీధి అను నాలుగింటికి సంబంధించిన యధికారమును నిందయు ఒకే చోట నుండవలెను. మూడు లక్షలును అంతకుమించియు జనసంఖ్యగల పట్టణములలో వార్డు సంఘము లుండవలెనని రాజ్యాంగము చెప్పినది. అవి కాగితముమీద కాక వీధిలో కూర్చుండవలెను. ఈ యేడు మన వార్డునకు ఎంత సొమ్ము వచ్చినది, ఏ కాలువకెంత వ్యయమైనది యను లెక్క, బడి గోడమీదనో, చౌకధరల దుకాణము గోడమీదనో, చదువరాని వారికి చదివి వినిపింపదగునట్లు వ్రాయవలెను.

గృహస్థులవైపున కావలసినది అంతకంటె కష్టమైనది. అది మనస్సునకు సంబంధించినది. హైదరాబాదు సభలో సగము స్థానములు స్త్రీలవి. ఆ స్థానమునుండి గెలిచిన యామె పేర వేరొకరు పెత్తనము చేయుచున్నప్పుడు, ఆ యింటికి పనిమీద పోయిన మనము, “అమ్మా, మీతోనే మాటాడవలెను” అన్న చాలును. పదిమంది అట్లన్న, పదునొకండవవానికి ఆమెయే బయటికి వచ్చును. ఆ మాట యనుటకు మనకు ధైర్యమక్కరలేదు, మర్యాద చాలును.

ఇంకొకటి. అభ్యర్థి మన గుమ్మమునకు వచ్చినప్పుడు, “మా వీధికేమి చేసెదరు?” అని యడుగుట మనకు వాడుక. ఈసారి అట్లడుగక, “పల్లపు వీధికేమి చేసెదరు?” అని యడుగుడు. ఊరిలో కులములు వేరు, మతములు వేరు, అంతస్తులు వేరు కావచ్చును. కాని కాలువ యొక్కటే. ఎగువ నున్నవాని శుభ్రత దిగువ నున్నవానికి మురుగుగా ముట్టకుండ చూచుటయే పురపాలనమునకు మూలధర్మము. ఆ ధర్మమును తన గుమ్మముకడ నిలిచి యడుగనివాడు, ఓటు వేసినను సగమే వేసినట్లు.

నేనిది యంతయు చెప్పగా మిత్రుడు చాలసేపు విని, “అయితే ఆ దొంగ సభ్యుడే మంచి యధికారికంటె మేలందురా?” యని యడిగిరి. “మేలనను. కాని ఆ దొంగను మార్చు హక్కు ముసలమ్మ చేతిలో నుండెను, మంచి యధికారిని నిలుపుకొను హక్కు నా చేతిలో లేకపోయెను” అంటిని. అది వాదమునకై యన్న మాట కాదు. ఆ యధికారి యెనిమిది నెలలలో బదిలీయై పోయెను. ఆయన స్థానమున వచ్చినవారికి నా పరిచయస్థుని పరిచయము లేదు. మరుసటి వర్షకాలమున మా వీధిలోను నీరు నిలిచినది. నేను రెండుసార్లు కార్యాలయమునకు పోతిని. రెండుసార్లును అయ్యగారు మీటింగులో నుండిరి. అప్పుడు నాకును ఒక అరుగు కావలసివచ్చినది.

మిత్రుడు నవ్వెను గాని పూర్తిగా ఒప్పుకొనలేదు. మంచి కమీషనరుమీద ఆయన నమ్మకము ఆయనకే యున్నది. ఓటు వేయుటకు మాత్రము వచ్చెదననిరి. నాకది చాలును.

తుదకు మా పట్టణమున ఎన్నిక జరిగిన దినమున నేను తొమ్మిది గంటలకు ఓటు వేయబోతిని. పల్లపు వీధివారి వరుస అప్పటికే బడి గేటు దాటి దారిలోనికి వచ్చియుండెను. ముసలమ్మ ఓటు వేసి వెనుకకు వచ్చుచు, నన్ను చూచి, “ఇప్పుడొచ్చారా బాబూ?” అనెను. ఆ వరుసలో మా వీధివారము, నాతో కలిపి, నలుగురము.